వినడం నేర్చుకోవాలనుకునే విశ్వాసికి: తరచుగా అడిగే ప్రశ్నలు

కూటం ముగిసి అందరూ లేస్తున్నప్పుడు, ఆసుపత్రి వరండాలో, రాత్రి పొద్దుపోయాక ఫోనులో నన్ను అడిగిన ప్రశ్నలివి. కొన్ని నన్ను నేనే అడుక్కున్నవి. కొన్నిటికి రెండు మాటల్లో జవాబు దొరికింది. కొన్నిటికి ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నాను.

చెవులున్నాయి కదా, వినడం కూడా నేర్చుకోవాలా?

చెవులుంటే చాలునంటే "వినుటకు చెవులు గలవాడు వినును గాక" అని యేసు అన్నిసార్లు అనేవాడు కాదు. మార్కు 4:24లో "ఏమి వింటున్నారో చూసుకోండి" అన్నాడు. లూకా 8:18లో "ఎలా వింటున్నారో చూసుకోండి" అన్నాడు. మొదటి దాని మీద మనం బోలెడు ప్రసంగాలు విన్నాం. రెండో దాని మీద విన్నది నాకైతే ఒక్కటీ గుర్తు లేదు.

యాకోబు 1:19 మనందరికీ కంఠతా వచ్చు: "ప్రతి మనుష్యుడు వినుటకు వేగిరపడువాడును, మాటలాడుటకు నిదానించువాడును, కోపించుటకు నిదానించువాడునై యుండవలెను." మూడింటిలో తొందరపడమన్నది ఒక్క వినడానికే. మనం చేసేది సరిగ్గా తలకిందులు. మాటకు తొందర, కోపానికి ఇంకా తొందర, వినడానికి మాత్రం "తర్వాత చూద్దాంలే".

మార్కు 7లో చెవిటివాడూ నత్తివాడూ అయిన మనిషిని యేసు గుంపులోంచి పక్కకు తీసుకెళ్లి "ఎప్ఫతా" అన్నాడు. అక్కడ ముందు చెవులు తెరుచుకున్నాయి, ఆ తర్వాత నాలుక సడలింది.

నేను సరిగా వినడం లేదని నాకెలా తెలుస్తుంది?

తెలియదు. అదే చిక్కు. మాట్లాడేవాళ్లకు మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

భర్త పోయిన ఒక పెద్దావిడను చూడటానికి వెళ్లాను. ఆవిడ ఆసుపత్రిలో గడిపిన చివరి రోజుల గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆసుపత్రి అన్న మాట వినగానే నా ఆపరేషన్ గుర్తొచ్చింది. "మాకూ ఇలాగే అయిందమ్మా" అని మొదలుపెట్టి నా కథంతా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "దేవుడు మిమ్మల్ని కాపాడాడు బాబూ" అని నన్నే ఓదార్చింది. వెళ్లింది ఆదరించడానికి, వచ్చింది ఆదరణ పొంది. ఇంటికొచ్చాక నా భార్య "ఆయన చివరికి ఏమన్నారట?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అప్పటి నుంచీ నా పరీక్ష అదే. ఎవరినైనా కలిసి వచ్చాక వాళ్లు చెప్పిన మూడు సంగతులు వాళ్ల మాటల్లోనే గుర్తున్నాయా? నేనన్నవే గుర్తుంటే, వెళ్లింది వినడానికి కాదన్నమాట.

ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే నా మనసు ఎటో పోతుంది. ఏం చేయాలి?

అందరికీ పోతుంది. నాలుక కంటే మనసు వేగంగా పరిగెత్తుతుంది, మిగిలిన ఖాళీలో మన పనులూ జవాబులూ దూరతాయి. ఫోనును బల్ల మీద బోర్లా పెట్టడం చాలదు, కనబడని చోట పెట్టండి. వాళ్ల చివరి మాటను మనసులో ఒకసారి అనుకోండి. మధ్యలో తప్పిపోతే తల ఊపుతూ నటించకండి. "క్షమించండి, ఆ చివరి మాట నాకు అందలేదు, మళ్లీ చెబుతారా?" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. దొంగ "ఊఁ" కొడితేనే నొచ్చుకుంటారు.

నిజంగానే టైమ్ ఉండదు. అప్పుడు?

ఉన్నమాట చెప్పండి. "ఇప్పుడు పది నిమిషాలే ఉంది, సాయంత్రం కూర్చుందామా?" అని అడగండి. సాయంత్రం కూర్చోండి కూడా.

అయితే మార్కు 5 చదివినప్పుడల్లా నా "టైమ్ లేదు" కాస్త తడబడుతుంది. యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంది, యేసు ఆ ఇంటికే వెళ్తున్నాడు. దారిలో పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ ఆయన వస్త్రాన్ని ముట్టుకుంది, బాగైంది. పని అయిపోయింది కదా, నడక సాగించవచ్చు. ఆయన ఆగాడు. ఆమె జరిగినదంతా చెప్పిందని మార్కు రాశాడు. పన్నెండేళ్ల కథ, ఎంతమంది వైద్యుల దగ్గరికి తిరిగిందో, ఎంత ఖర్చు పెట్టిందో! ఆమె ఒంటికి స్వస్థత అప్పటికే వచ్చేసింది. "కుమారీ" అన్న పిలుపు మాత్రం ఆమె చెప్పుకున్నాకే వచ్చింది. ఆ కాసేపు యాయీరుకు ఎలా గడిచి ఉంటుందో కూడా నేను ఆలోచిస్తుంటాను. ఒకరికి సమయమిస్తే ఇంకొకరికి ఆలస్యమవుతుంది. ఆ ఇబ్బందిని సువార్త దాచలేదు.

బాధలో ఉన్నవాళ్లకు వాక్యం చెప్పకపోతే నా బాధ్యత తప్పినట్టు కాదా?

నన్ను అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. మనలో చాలామందికి వాక్యం వచ్చు. అదే మన బలం, అక్కడే తొందర కూడా. ఎదుటివాళ్లు మొదటి మాట అనగానే మన లోపల రోమా 8:28 సిద్ధమైపోతుంది. "మేలుకలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి" అన్నది నిజం. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో ఆ సాయంత్రమే అంటే, నిజమైన ఆ మాటే ఆమె నోరు మూయిస్తుంది. ఆ తర్వాత ఆమె ఏమంటే విశ్వాసం లేనిదానిలా కనిపిస్తుందో ఆమెకు తెలుసు.

యోబు స్నేహితుల సంగతి చూడండి. వాళ్లు అబద్ధాలే చెప్పారనుకుంటాం. వాళ్లలో ఒకడైన ఎలీఫజు అన్న మాట ఒకటి (యోబు 5:13) పౌలు 1 కొరింథీయులు 3:19లో లేఖనంగా ఎత్తి చూపించాడు. అంటే ఆ మాటలో తప్పు లేదు, చెప్పిన చోట తప్పు. అదే ఎలీఫజుతో దేవుడు చివర్లో, నీ మీదా నీ ఇద్దరు స్నేహితుల మీదా నా కోపం మండుతోందని అన్నాడు (42:7). వాక్యం తెలిసి ఉండటం, ఎదుట కూర్చున్న మనిషి ఎవరో తెలిసి ఉండటం వేర్వేరు సంగతులని నాకు ఆ పుస్తకమే నేర్పింది.

ఇక యోహాను 11. లాజరు చనిపోయాడు. మార్త ఎదురొచ్చి, "ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును" అంది. కాసేపటికి మరియ వచ్చి అదే మాట అంది. 21వ వచనం, 32వ వచనం పక్కపక్కన పెట్టి చదవండి. అక్కచెల్లెళ్లిద్దరి నోటా ఒకే వాక్యం. యేసు మార్తకు మాటతో జవాబిచ్చాడు: "పునరుత్థానమును జీవమును నేనే". మరియకు ఏ బోధా చేయలేదు. "అతన్ని ఎక్కడ ఉంచారు?" అని అడిగాడు, కన్నీళ్లు పెట్టుకున్నాడు. మాటొక్కటే వింటే ఇద్దరికీ ఒకే జవాబు సరిపోవాలి. ఆయన మాట వెనకున్న మనిషిని కూడా విన్నాడు. మార్తకు ఆ ఘడియలో ఆధారం కావాలి. మరియకు తోడు కావాలి.

కాబట్టి వాక్యం చెప్పవద్దని నేననను. ఎదుట ఉన్నది మార్తా, లేక మరియా అన్నది తెలిసేదాకా ఆగండి. తెలియకపోతే అడగండి: "ఒక వాక్యం చదవనా, ఊరికే కూర్చోనా?" ఇంత సూటిగా అడగవచ్చా అని మొదట్లో నాకూ మొహమాటంగా ఉండేది. ఇప్పటివరకు ఎవరూ తప్పు పట్టలేదు. "ఊరికే కూర్చోండి" అన్నవాళ్లే ఎక్కువ.

"ప్రార్థన చేస్తాను" అనడంలో తప్పేముంది?

ఎప్పుడు అంటున్నారన్నదే చూసుకోవాలి. మాట బరువెక్కుతున్నప్పుడు, అవతలి గొంతు వణుకుతున్నప్పుడు, మనకు లేచి వెళ్లాలనిపిస్తున్నప్పుడు "సరే, ప్రార్థన చేద్దాం" అంటాం. అది చాలాసార్లు తలుపు వేసేయడమే. నేనూ వేశాను.

విన్నాక చేసిన ప్రార్థన వేరుగా ఉంటుంది. వాళ్లు చెప్పిన పేర్లు, భయాలు, వాళ్లు వాడిన మాటలే అందులో వినిపిస్తాయి. "ఈ కుటుంబాన్ని ఆశీర్వదించు ప్రభువా" అన్నదానికీ, "రేపు పదింటికి రిపోర్టు చేతికొచ్చేటప్పుడు ఈ చెల్లి వెంట ఉండు ప్రభువా" అన్నదానికీ తేడా వినేవాళ్లకు తెలుస్తుంది. ఇంకొకటి, ప్రార్థనలో సలహాలు దూర్చకండి. "ప్రభువా, ఈ సహోదరుడు కోపం తగ్గించుకునేలా చేయి" అంటే అది ఆయన చెవిన పడాలనే కదా మన ఉద్దేశం.

మౌనం వస్తే ఇబ్బందిగా ఉంటుంది. ఎంతసేపు ఊరుకోవాలి?

యోబు స్నేహితులు 7 పగళ్లు, 7 రాత్రులు ఒక్క మాట మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు (2:13). వాళ్లు చేసిన మంచి పని అదే. మనం ఏడు సెకన్లు ఊరుకున్నా గొప్పే. నిజంగా లెక్కపెట్టి చూడండి, చాలా పొడుగ్గా అనిపిస్తుంది. అసలు మాట చాలాసార్లు ఆ ఏడో సెకనులోనే బయటికొస్తుంది.

ప్రశ్నలు అడిగితే కూపీ లాగినట్టు ఉండదా?

మన ఆసక్తి తీరడం కోసం అడిగితే ఉంటుంది. వాళ్లు చెప్పుకోవడానికి దారిస్తూ అడిగితే ఉండదు. సామెతలు 20:5లో నరుని హృదయంలోని ఆలోచన లోతు నీళ్ల వంటిదనీ, వివేకం గలవాడు దాన్ని పైకి చేదుకుంటాడనీ ఉంది. తెలుగులో "చేదుకొను" అన్న మాట ఎంత బాగా కుదిరిందో చూడండి. చేద బావిలోకి నెమ్మదిగా దించాలి, నిండేదాకా ఆగాలి, తొణక్కుండా లాగాలి. బావిలోకి దూకడం చేదుకోవడం కాదు.

గుడ్డివాడైన బర్తిమయి కేకలు వేస్తూ వచ్చాడు. అతనికేం కావాలో చూసినవాళ్లకెవరికైనా తెలుస్తుంది. అయినా యేసు, నీకు నేనేం చేయాలని కోరుతున్నావని అడిగాడు (మార్కు 10:51). బర్తిమయి కోరికను వేరేవాళ్లు చెప్పలేదు, అతనే తన నోటితో చెప్పాడు. అరణ్యంలో పారిపోతున్న హాగరును యెహోవా దూత, ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగాడు (ఆదికాండము 16:8). ఎవరి ముందైనా అడగగలిగిన ప్రశ్నలవి. "ఎందుకలా చేశావు?" అన్నది మాత్రం సాధ్యమైనంత వరకు మానండి. "ఎందుకు" అనగానే మనిషి బోనులో నిలబడినట్టు సంజాయిషీ మొదలుపెడతాడు. "అప్పుడేమైంది?" అంటే మళ్లీ చెప్పడం మొదలుపెడతాడు.

చెప్పిందే చెబుతుంటారు. ఎన్నిసార్లు వినాలి?

1 రాజులు 19లో దేవుడు ఏలీయాను, ఇక్కడ నీకేం పని అని రెండుసార్లు అడిగాడు. ఏలీయా రెండుసార్లూ ఒకే జవాబిచ్చాడు (10, 14 వచనాలు). మధ్యలో గాలి వచ్చింది, భూకంపం వచ్చింది, మెరుపు వచ్చింది, నిమ్మళమైన స్వరం వచ్చింది. ప్రవక్త మాట మాత్రం మారలేదు: నేనొక్కడినే మిగిలాను, నా ప్రాణం తీయాలని చూస్తున్నారు. "ఇందాకే చెప్పావుగా" అని దేవుడు అనలేదు. రెండోసారి కూడా పూర్తిగా విన్నాకే పని అప్పగించాడు, తోడుగా ఎలీషాను చూపించాడు. ఏలీయా లెక్క తప్పని, ఇంకా ఏడు వేలమంది ఉన్నారని చెప్పింది కూడా అప్పుడే, అన్నిటికంటే చివర్లో.

దుఃఖం ఒకే దారిలో మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఈసారి ఏ చిన్న మాట కొత్తగా వచ్చిందో చూడండి. నెలలు గడిచినా నిద్ర, తిండి, పని అన్నీ ఆగిపోయి అదే సుడిలో ఉంటే డాక్టరు దగ్గరికో కౌన్సెలరు దగ్గరికో వెళ్లమని చెప్పండి, వీలైతే వెంట వెళ్లండి. ఏలీయాకు కూడా దేవుడు ముందు నిద్ర, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మాటలు ఆ తర్వాతే.

వాళ్లు చెప్పేది తప్పని తెలుస్తూనే ఉంటుంది. వింటే ఒప్పుకున్నట్టు కాదా?

ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు చెప్పుకుంటున్నది పూర్తిగా తప్పు. యేసు చనిపోయాడు, ఆశ పోయింది అంటున్నారు, తిరిగి లేచి పక్కన నడుస్తున్న ఆయనతోనే! క్లెయొపా "ఈ దినములలో అక్కడ జరిగిన సంగతులు నీకు తెలియవా?" అన్నట్టు మాట్లాడితే, ఆయన "అవి ఏవి?" అన్నాడు. యెరూషలేములో జరిగినదేమిటో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? అయినా లూకా 24లో 19 నుంచి 24వ వచనం వరకు వాళ్లనే చెప్పనిచ్చాడు. 25లో గద్దించాడు, గట్టిగానే.

వినడం అంటే తీర్పును రద్దు చేయడం కాదు, వాయిదా వేయడం. "సంగతి వినకముందు ప్రత్యుత్తరమిచ్చువాడు తన మూఢతను బయలుపరచి సిగ్గునొందును" అన్న సామెత (18:13) ప్రత్యుత్తరం ఇవ్వవద్దనలేదు.

ఇద్దరు గొడవపడి ఇద్దరూ నా దగ్గరికే వస్తున్నారు.

సామెతలు 18:17. మొదట వచ్చినవాడి మాట న్యాయంగానే కనిపిస్తుంది, రెండోవాడు వచ్చేదాకా. అంతవరకు "అయ్యో, అలాగా" అనండి గానీ "నీదే న్యాయం" అనకండి.

ఇంట్లో నా భార్య "మీరు నా మాట వినరు" అంటుంది. నేను ప్రతి సమస్యకూ పరిష్కారం చెబుతూనే ఉన్నాను కదా?

అదే ఆవిడ ఫిర్యాదు అయ్యుండవచ్చు బ్రదర్. ఆవిడ రెండో వాక్యం మొదలుపెట్టకముందే మీ పరిష్కారం వచ్చేస్తే, "ఇంత చిన్నదానికి ఇంత బాధెందుకు?" అన్నట్టు వినబడుతుంది. "సలహా కావాలా, వినమంటావా?" అని ఒక్కసారి అడిగి చూడండి. మొదటిసారి ఆవిడ అనుమానంగా చూస్తుంది, కంగారుపడకండి. భార్యలతో జ్ఞానము చొప్పున కాపురం చేయమనీ, లేకపోతే ప్రార్థనలకు అభ్యంతరం కలుగుతుందనీ పేతురు రాశాడు (1 పేతురు 3:7). పక్క గదిలో ఉన్న మనిషి మాట వినకుండా మోకాళ్లూనితే ఏమవుతుందో ఆయనకు తెలిసే ఉంటుంది. ఆయనకూ పెళ్లయింది.

భార్యలకూ ఇదే వర్తిస్తుంది. కాకపోతే నన్ను అడిగేది ఎక్కువగా భర్తలే.

పిల్లలు చెప్పే చిన్న చిన్న విషయాలు కూడా వినాలా?

చిన్నవి విన్నవాళ్ల దగ్గరికే పెద్దవి వస్తాయి. యాజకుడైన ఏలీని నేను ఈ విషయంలో ఇష్టపడతాను. అంతకుముందు హన్నా పెదవులు కదలడం చూసి తాగి వచ్చిందనుకున్న మనిషి ఆయనే (1 సమూయేలు 1). ఒకసారి పొరబడ్డాడు. చాలా ఏళ్లకు ఆ హన్నా కొడుకు సమూయేలే ఆయన్ని నిద్రలో మూడుసార్లు లేపాడు. ఏలీ విసుక్కోలేదు. మూడోసారి, పిల్లవాణ్ని పిలుస్తున్నది యెహోవా అని గ్రహించి, ఏమని జవాబివ్వాలో నేర్పాడు. తెల్లవారాక, ఏమీ దాచకుండా చెప్పమని తనే అడిగాడు. వచ్చిన వార్త తన ఇంటి మీదే తీర్పు. ఒక పిల్లవాడి నోటి నుంచి దాన్ని పూర్తిగా విని, "సెలవిచ్చినవాడు యెహోవా" అన్నాడు. పెంపకంలో ఏలీ చేసిన తప్పులు ఎన్నైనా ఉండనివ్వండి, ఆ ఉదయం మాత్రం ఆయన బాగా విన్నాడు.

నా మీదే ఫిర్యాదు చేస్తుంటే ఎలా వినాలి? ఒళ్లు మండుతుంది.

కష్టం. దీనికి నాకింకా అలవాటు కాలేదు.

1 సమూయేలు 25లో నాబాలు గురించి అతని పనివాడే యజమానురాలు అబీగయీలుతో, ఆయన ఎవరూ మాట్లాడటానికి వీల్లేని మనిషని అన్నాడు. ఇంట్లో పనివాళ్లు, భార్య, అందరికీ ప్రమాదం తెలుసు. చెప్పడానికి మాత్రం దారి లేదు. అదే రోజు దావీదు నాబాలు మీద కోపంతో 400 మందిని వెంటబెట్టుకుని, కత్తులు కట్టుకుని వస్తున్నాడు. అబీగయీలు ఎదురెళ్లి చాలాసేపు మాట్లాడింది. దావీదు ఆగి విన్నాడు, ఆమెను పంపినందుకు దేవుణ్ని స్తుతించాడు, వెనక్కి తిరిగాడు. ఆ కోపంలో కూడా అతని దగ్గర మాట చెప్పడానికి చోటుంది. మన ఇంట్లోవాళ్లు మనతో ఒక కష్టమైన మాట చెప్పాలంటే ముందు ఎంత టెన్షన్ పడుతున్నారో వాళ్లనే అడిగి తెలుసుకోవచ్చు.

ఆ నిమిషంలో పనికొచ్చేది ఒకటే: నా వైపు కథ చెప్పే ముందు, వాళ్లు చెప్పింది నా మాటల్లో తిరిగి చెప్పి "ఇదేనా మీరన్నది?" అని అడగడం. "అవును" అన్నాకే నా వంతు. సగం సార్లు వాళ్లు "కాదు" అంటారు.

నాతో చెప్పుకున్నది ఎవరితోనూ చెప్పకూడదా?

చెప్పకూడదు. "ప్రార్థన విన్నపం" పేరుతో అసలే వద్దు. "సిస్టర్ కోసం ప్రార్థన చేయండి, ఇంట్లో ఏదో గొడవట, వివరాలు అడగొద్దు" అన్న ఒక్క మాట వాట్సాప్ గ్రూపులో పడితే చాలు, సాయంత్రానికి వివరాలన్నీ అల్లుకుపోతాయి. కొండెగాడు గుట్టు బయటపెడతాడు, నమ్మకమైనవాడు దాచుతాడు అని సామెతలు 11:13. కతోలిక సంఘంలో పాపసంకీర్తనం విన్న గురువు ఆ రహస్యాన్ని ఏ కారణం చేతా బయటపెట్టకూడదని 1983 నాటి కానన్ చట్టం 983వ నియమం అంటుంది. మనం గురువులం కాకపోయినా ఆ గంభీరత కొంతైనా నేర్చుకోవాలి.

మన వంటివాళ్లకు మినహాయింపులు ఉన్నాయి, అవి స్పష్టంగా తెలిసి ఉండాలి. పిల్లల మీద అఘాయిత్యం జరుగుతోందని తెలిస్తే, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉంటే మౌనం పాపం. ఎవరైనా "నాకు బతకాలని లేదు" అంటే మాట మార్చకండి, వాక్యంతో అదిలించకండి. "ప్రాణం తీసుకోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. ఒంటరిగా వదలకండి, వెంటనే కుటుంబాన్నీ వైద్య సహాయాన్నీ పిలవండి. అందుకే "ఎవరికీ చెప్పనని మాటివ్వండి" అంటే ముందే ఒప్పేసుకోకండి. "నీకు హాని జరిగే విషయమైతే తప్ప చెప్పను" అనండి.

అందరి బాధలూ విని విని నేనే కుంగిపోతున్నాను.

మోషే ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చుని జనం మాట వినేవాడు. మామ యిత్రో చూసి, నీవు చేస్తున్న పని మంచిది కాదు, నీవూ నలుగుతావు, ఈ జనమూ నలుగుతారు అన్నాడు (నిర్గమకాండము 18). వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి నాయకులను పెట్టమన్నాడు. మోషే మామ మాట విన్నాడు. రోజంతా విన్న మనిషి, సాయంత్రం తనకు చెప్పినది కూడా విన్నాడు! నాకు ఆ అధ్యాయంలో నచ్చేది అదే. మీ మాట వినే మనిషి మీకొకరు ఉన్నారా? లేకపోతే ముందు అది చూసుకోండి.

సంఘంలో పెద్దలే వినకపోతే?

అపొస్తలుల కార్యములు 6లో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను రోజువారీ పంపిణీలో పట్టించుకోవడం లేదని సణుగు పుట్టింది. పన్నెండుమంది దాన్ని తిరుగుబాటు అనలేదు. ఏడుగురిని ఏర్పరచమన్నారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే ఫిర్యాదు చేసిన వైపు నుంచే మనుషులను తీసుకున్నట్టు కనిపిస్తుంది. ఇంకో వైపు సొలొమోను కొడుకు రెహబాము రాజు ఉన్నాడు: జనం మాట వినడానికి మూడు రోజులు గడువు అడిగి, పెద్దల సలహా తోసేసి, పది గోత్రాలు పోగొట్టుకున్నాడు. పాస్టరుగారికి ఈ రెండు కథలూ తెలుసు. ఒంటరిగా వెళ్లి, ఒకే విషయం, ఒకే ఉదాహరణతో చెప్పండి. గుంపుగా వెళ్తే ఎవరైనా బిగుసుకుపోతారు.

ఇదంతా సైకాలజీ కదా, మనకెందుకు?

"యాక్టివ్ లిజనింగ్" అన్న పేరు కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ 1957లో తెచ్చిన చిన్న పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. ఆ రోజర్స్ అంతకుముందు 1920లలో న్యూయార్క్‌లో రెండేళ్లు వేదాంత కళాశాలలో చదివి, తర్వాత మనస్తత్వశాస్త్రం వైపు వెళ్లినవాడు. ఇక 6వ శతాబ్దంలో బెనెడిక్టు తన మఠంలోని సన్యాసుల కోసం రాసిన నియమావళిలో మొదటి మాటే "విను". పద్ధతి ఎక్కడ నేర్చుకున్నా ఫర్వాలేదు. తల ఊపడం, కళ్లలోకి చూడటం వంటి పద్ధతులు మాత్రమే నేర్చుకుని లోపల విసుగు పెట్టుకుంటే అది తెలిసిపోతుంది, అంతే.

దేవుని మాట వినడానికీ, మనిషి మాట వినడానికీ సంబంధం ఉందా?

ఉంది. "ఇశ్రాయేలూ వినుము" అన్నచోట హెబ్రీ మాట షెమా. వినడం, లోబడటం రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. సొలొమోను రాజుగా అడిగిన వరాన్ని మన బైబిల్లో "వివేకముగల హృదయము" అని చదువుతాం. హెబ్రీలో అక్షరాలా అది "వినే హృదయం" (1 రాజులు 3:9). అడిగింది ప్రజలకు న్యాయం తీర్చడానికి. వరమిచ్చాక వచ్చిన మొదటి కథలో ఆయన చేసింది, ఒక బిడ్డ కోసం పోట్లాడుతున్న ఇద్దరు వేశ్యల మాట వినడం.

హిట్లర్ కాలంలో జర్మనీలో సేవ చేసిన డీట్రిక్ బోన్‌హోఫర్, సహవాసంలో ఒకరికొకరం చేయవలసిన మొదటి సేవ వినడమేనని రాశాడు. సహోదరుడి మాట వినలేనివాడు కొంతకాలానికి దేవుని మాట కూడా వినలేడని ఆయన హెచ్చరిక.

నా మాట ఎవరూ వినడం లేదు. నేనెందుకు వినాలి?

ఇప్పుడే వినాలని లేదు. ముందు మీరు చెప్పుకోండి. హాగరు కొడుకు పేరు ఇష్మాయేలు, అంటే "దేవుడు వింటాడు". లేయా తాను ప్రేమకు నోచుకోలేదన్న సంగతి యెహోవా విన్నాడని కొడుక్కి షిమ్యోను అని పేరు పెట్టింది. ఇద్దరూ ఇంట్లో ఎవరికీ పట్టనివాళ్లే. 88వ కీర్తన చదవండి. అది స్తుతితో ముగియదు, చీకటితో ముగుస్తుంది. దానికి జవాబు కూడా అక్కడ లేదు. అయినా దాన్ని ఎవరూ సరిదిద్దకుండా కీర్తనల గ్రంథంలో అలాగే ఉంచారు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ వారం ఒక్క మనిషితో. సంఘంలో ఎప్పుడూ వెనక వరుసలో కూర్చుని తొందరగా వెళ్లిపోయేవాళ్లు ఒకరైనా ఉంటారు. "బాగున్నారా?" అని అడిగి, వాళ్లు "బాగున్నాం" అన్నాక కూడా ఇంకో క్షణం నిలబడండి. అడగకుండా సలహా ఇవ్వకండి. మీ కథ గుర్తొస్తే మింగేయండి, ఇంకో రోజు చెప్పవచ్చు. తర్వాత మళ్లీ కలిసినప్పుడు, పోయినసారి వాళ్లు చెప్పిన ఒక చిన్న వివరంతో మొదలుపెట్టండి: "మీ అబ్బాయి ఇంటర్వ్యూ ఏమైంది?" మర్చిపోతామనిపిస్తే ఇంటికెళ్లాక డైరీలో రాసుకోండి. వాళ్ల ముందు మాత్రం రాయకండి, పోలీసు వాంగ్మూలంలా ఉంటుంది.